తపాలా బిళ్ళల్లో హాకీ

పాత వస్తువులను సేకరించడం ధనికుల వినోదమని మనలో చాలామంది అభిప్రాయం. రాజులు రత్నాలు కూడబెట్టారు, జమీందారులు చిత్రపటాలు కూడబెట్టారు, మనవద్ద ఏమున్నదని కూడబెట్టడానికి అని పెదవి విరుస్తారు. తెలుగుదేశపు సేకరణ చరిత్రను కొంచెం పరిశీలిస్తే ఈ అభిప్రాయం నిలువదు. సి.పి. బ్రౌన్ కంపెనీ కొలువులోని ఉద్యోగి. తన జీతంతో తాళపత్ర గ్రంథాలు కొన్నాడు; చాలనప్పుడు అప్పు చేశాడు; కడపలో పండితులను నియమించి శుద్ధప్రతులు వ్రాయించాడు. మన నెల్లూరు సీమలోని శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాలచెట్టి అనే ఇద్దరు ఉద్యోగులు సమకూర్చి 1905లో మూడు సంపుటాలుగా వెలువరించారు. గుడి గోడల మీద, పొలాల గట్ల మీద ఎవరూ తలయెత్తి చూడని రాళ్ళే వారికి నిధులయ్యాయి. ఆ రాళ్ళకు అంగడిలో వెల లేదు. వాటిని చదవగల కన్ను కావలసి వచ్చింది, అంతే.

ఈ పాఠంలో చెప్పబోయే వస్తువు శాసనంకంటె చాల చిన్నది. అరచేతిలో ఇమిడిపోయే అట్టముక్క, లేదా బొటనవ్రేలంత కాగితపు బిళ్ళ. దానిమీద ఉన్న బొమ్మ హాకీ ఆటది. స్వర్ణముఖి పారే ప్రాంతంలో, నెల్లూరు తీరానికి దగ్గరగా ఉన్న కోట వంటి చిన్న ఊరిలో ఇంటర్మీడియట్ చదివే విద్యార్థి, చేతిఖర్చులో మిగిల్చుకొన్న నాలుగు డబ్బులతో పాత హాకీ చిత్రాలను సేకరించగలడా అన్నది మన ప్రశ్న. సేకరించగలడు. ఎట్లా సేకరించవలెనో, ఏది సేకరించవలెనో, దేనికి దూరంగా ఉండవలెనో తెలుసుకొందాము.

ముందుగా హాకీ కార్డుల సంగతి. ఈ మాట ప్రపంచంలో ఎక్కువగా వినిపించేది కెనడాలోను, అమెరికాలోను. అక్కడ హాకీ అంటే మంచుమీద ఆడే ఆట. కెనడాలోని ఇంపీరియల్ టొబాకో సంస్థ 1910-11 ప్రాంతంలో తన సిగరెట్ పెట్టెలలో హాకీ ఆటగాళ్ళ బొమ్మలు ముద్రించిన చిన్న అట్టలను ఉంచి అమ్మింది. పెట్టె నలగకుండా అట్ట కాపాడుతుంది. బొమ్మకోసం కొనుగోలుదారు మళ్ళీ అదే సిగరెట్ కొంటాడు. వ్యాపారి యుక్తి అది. తరువాతి కాలంలో సిగరెట్ స్థానాన్ని పిల్లలు నమిలే చూయింగ్‌గమ్ ఆక్రమించింది. ఓ-పీ-చీ, పార్క్‌హర్స్ట్, టాప్స్ అనే సంస్థలు ఏటేటా ఆటగాళ్ళ బొమ్మల వరుసలను వెలువరించాయి. సెయింట్ లారెన్స్ స్టార్చ్ అనే సంస్థ 1934 నుండి మొక్కజొన్న పాకపు డబ్బాల గుర్తుచీటీలు పంపినవారికి ఆటగాళ్ళ ఛాయాచిత్రాలను టపాలో పంపేది. ఈ బొమ్మలన్నీ ఆనాడు ఊరకే వచ్చినవే. పిల్లలు వాటిని మార్చుకొన్నారు, గోడకు విసరి పందేలు ఆడారు, సైకిలు చక్రాల కమ్మీలకు తగిలించి టపటపమనిపించారు. అట్లా నలిగి నశించినవి పోగా మిగిలినవే నేడు పాత కార్డులు.

మిగిలినవాటిలో కొన్నింటికి పలికే వెల వింటే విస్మయం కలుగుతుంది. వేన్ గ్రెట్‌జ్కీ అనే ఆటగాడి తొలి కార్డును ఓ-పీ-చీ సంస్థ 1979-80 వరుసలో ముద్రించింది. ఏ లోపమూ లేని అటువంటి కార్డు ఒకటి 2021లో 37 లక్షల 50 వేల డాలర్లకు, అంటే సుమారు 27 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయింది. అదే కార్డు, అదే సంవత్సరం, అదే అచ్చు. మూలలు అరిగి మధ్య మడత పడినదైతే కొన్ని వందల డాలర్లకే దొరుకుతుంది. బొమ్మలో భేదమేమైనా ఉన్నదా? లేదు. భేదమంతా నాలుగు మూలల పదునులోను, అంచుల సమతలోను ఉన్నది. 1991లో ఆరంభమైన పి.ఎస్.ఎ. వంటి సంస్థలు కార్డును పరీక్షించి ఒకటి మొదలు పది వరకు అంకె వేసి గాజువంటి పెట్టెలో బిగించి ఇస్తాయి. పదవ అంకె వచ్చినదానికి కోట్లు, రెండవ అంకె వచ్చినదానికి వందలు.

ఈ వ్యత్యాసంలోనే అల్పధనుని అదృష్టం దాగి ఉన్నది. ధనికుడు మూలల పదునును కొంటాడు. చరిత్ర కావలసినవానికి ఆ పదునుతో పనిలేదు. మడతపడిన కార్డు కూడ అదే కాలంలో, అదే యంత్రంమీద ముద్రితమైనది. పాశ్చాత్య దేశాలలో తక్కువ ధనంతో పాత కార్డులు సేకరించేవారు ఈ మార్గాన్నే అనుసరిస్తారు. ప్రసిద్ధుల కార్డులను వదలి, అంతగా పేరు పొందని ఆటగాళ్ళవి కొంటారు. ఒక జట్టునో, ఒక సంవత్సరాన్నో ఎంచుకొని దానికే కట్టుబడతారు. కొత్తగా వచ్చిన కార్డుల జోలికి పోరు. దీనికి కారణమున్నది. 1990 ప్రాంతంలో కార్డులకు ముందుముందు గొప్ప వెల పలుకుతుందని నమ్మి జనం పెట్టెలకు పెట్టెలు కొని దాచారు. సంస్థలు కూడ లెక్కకు మించి ముద్రించాయి. అందరూ దాచినందువలన ఏదీ అరుదు కాలేదు. మూడు దశాబ్దాలు గడచినా వాటిలో చాల భాగానికి కొన్ననాటి వెలకూడ రావడం లేదు. పారవేయబడుతుందని తలచిన వస్తువే కాలాంతరంలో అరుదవుతుంది. దాచవలెనని చేసిన వస్తువు అరుదు కావడం కష్టం.

ఇక మన హాకీ మాట. మనది పచ్చికమీద ఆడిన హాకీ. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదటి ఒలింపిక్ స్వర్ణం, 1932లో లాస్ ఏంజెలిస్‌లో అమెరికామీద 24-1, 1936లో బెర్లిన్‌లో జర్మనీమీద 8-1, స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు 1948లో లండన్‌లో బ్రిటన్‌మీద 4-0. పిమ్మట 1952, 1956, 1964, 1980 సంవత్సరాలలోను స్వర్ణాలే. ఇంతటి వైభవం అనుభవించిన ఆటకు మనదేశంలో కెనడావలె కార్డుల సంప్రదాయం ఏర్పడలేదు. మన పిల్లలకు బబుల్‌గమ్ పొట్లాలలో ఆటగాళ్ళ బొమ్మలు దొరికే కాలం వచ్చేసరికి దేశమంతటా క్రికెట్ మోజు వ్యాపించింది. ఆ బొమ్మలు క్రికెట్ ఆటగాళ్ళవి. చిత్రమేమంటే బెర్లిన్ ఒలింపిక్స్ బొమ్మలను ఆనాడే సేకరణకు అనువుగా ముద్రించినది జర్మన్ సిగరెట్ వ్యాపారులు. సిగరెట్ పెట్టెలలో చీటీలు వచ్చేవి. వాటిని పంపితే బొమ్మల వరుస చేతికి అందేది. ఆ బొమ్మలను అంటించుకోవడానికి ‘ఒలింపియా 1936’ అనే పేరుతో రెండు సంపుటాల ఆల్బమ్ అమ్మారు. మొదటిది శీతకాలపు క్రీడలకు, రెండవది వేసవి క్రీడలకు. మన విజయానికి బొమ్మలు వెదకబోతే ఓడిన దేశపు సిగరెట్ ఆల్బమ్ తెరవవలసి రావడం ఆలోచించదగిన విషయమే.

మన తీరప్రాంత యువకులకు ఆనాడు అందుబాటులో ఉన్నది మరొకటి. మద్రాసు నుండి 1947లో ఆరంభమై 1968 వరకు ‘స్పోర్ట్ అండ్ పాస్‌టైమ్’ అనే ఆంగ్ల వారపత్రిక వెలువడింది. ధ్యాన్‌చంద్ ఆత్మకథ ‘గోల్’ను 1952లో ప్రకటించినది ఆ పత్రికా సంస్థయే. క్రీడాపత్రికలలోని బొమ్మలను కత్తిరించి నోటుపుస్తకాలలో అంటించుకోవడం ఆ తరంవారికి పరిపాటి. కత్తిరించిన బొమ్మకు అంగడిలో వెల లేదు గాని, మన ప్రాంతానికి సంబంధించినంతవరకు హాకీ కార్డుకు మిక్కిలి దగ్గర చుట్టం అదే. ఇంట్లో తాతగారి పెట్టెలో అటువంటి పుస్తకముంటే దానిని విడదీయకుండా ఉన్నదున్నట్లు కాపాడండి. ఒక్కొక్క బొమ్మను వేరుచేస్తే బొమ్మలు మిగులుతాయి, పుస్తకం నశిస్తుంది.

కార్డులు లేనిచోట వాటి పనిని నెరవేర్చినది తపాలా బిళ్ళ. బొమ్మ ఉన్నది, తేదీ ఉన్నది, ముద్రించినది ప్రభుత్వం కనుక ప్రామాణికత ఉన్నది, లక్షల సంఖ్యలో ముద్రితమైనది కనుక వెల అందుబాటులో ఉన్నది. పాత హాకీ చిత్రాలను తక్కువ ధనంతో సేకరించదలచిన తెలుగు విద్యార్థికి ఇంతకంటె తగినది లేదని నా అభిప్రాయం.

మన హాకీ బిళ్ళలలో మొదట పేర్కొనవలసినది 1966 డిసెంబరు 31న వెలువడిన 15 పైసల బిళ్ళ. ఆ నెలలోనే బాంకాక్‌లో జరిగిన అయిదవ ఆసియా క్రీడలలో మన జట్టు పాకిస్థాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది. 1958లోను, 1962లోను ఆసియా స్వర్ణాన్ని తన్నుకుపోయిన పాకిస్థాన్‌మీద గెలుపు కనుక దేశమంతా పొంగిపోయింది. కొద్ది దినాలకే బిళ్ళ వెలువడింది. ఆ జట్టుకు నాయకుడు శంకర్ లక్ష్మణ్. గోల్‌కీపరు జట్టుకు నాయకత్వం వహించడం హాకీలో అపూర్వం. 1956, 1960, 1964 ఒలింపిక్స్‌లో మన గోలు కాచినవాడు ఆయనే. సైన్యంలో పనిచేసి విశ్రాంతి తీసుకొన్న ఆ వీరుడు 2006లో మధ్యప్రదేశ్‌లోని మౌ పట్టణంలో మరణించాడు. చివరి రోజులలో కాలికి సోకిన వ్యాధితో, పేదరికంతో బాధపడ్డాడని పత్రికలు వ్రాశాయి. బిళ్ళ జట్టు విజయాన్ని చెప్పుతుంది గాని గోల్‌కీపరు పేరు చెప్పదు. ఆ పేరు తెలిసినవాని చేతిలో ఆ 15 పైసల బిళ్ళ వేరు, తెలియనివాని చేతిలో వేరు. సేకరణలో చదువుకున్న స్థానం ఇది.

1972లో మ్యూనిక్ ఒలింపిక్స్ సందర్భంగా తపాలా శాఖ రెండు బిళ్ళలు వెలువరించింది. వాటిలో 20 పైసల దానికి హాకీయే విషయం. ఆ పోటీలలో మనకు కాంస్యం లభించింది. తరువాతిది 1980 డిసెంబరు 3న వచ్చిన 35 పైసల ధ్యాన్‌చంద్ బిళ్ళ. 1979 డిసెంబరు 3న ఆయన కన్నుమూశాడు. సరిగా ఏడాదికి బిళ్ళ వచ్చింది. ఆ ఏడే మాస్కోలో మన జట్టు ఎనిమిదవ స్వర్ణం గెలవడం ఒక విశేషం. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని మనం జాతీయ క్రీడాదినంగా జరుపుకొంటున్నాము; 2021లో ఖేల్‌రత్న పురస్కారానికి ఆయన పేరు పెట్టారు. బొంబాయిలో ప్రపంచకప్ పోటీలు మొదలైన సందర్భంగా 1981 చివరలో మరొక హాకీ బిళ్ళ వచ్చింది. పొరుగుదేశమైన పాకిస్థాన్ కూడ హాకీమీద బిళ్ళలు వెలువరించింది. 1962 నాటి క్రీడల వరుసలో ఫుట్‌బాల్, స్క్వాష్, క్రికెట్‌ల సరసన 13 పైసల హాకీ బిళ్ళ ఉన్నది. మైదానంలో ప్రత్యర్థులైనవారు ఆల్బమ్‌లో ఎదురెదురు పుటలలో కూర్చుంటే ఆ కాలపు హాకీ కథ సగం పూర్తి అయినట్లే.

ఇప్పుడు ఖర్చు సంగతి. నెలకు యాభై రూపాయలు మిగిల్చుకోగల విద్యార్థి ఉన్నాడనుకొందాము. ఏడాదికి ఆరువందలు. అతడు మొదటి మూడు నెలలు ఏమీ కొనకూడదు. ఈ మాట వింతగా తోచవచ్చు గాని, కొత్తగా మొదలుపెట్టినవారు ధనం పోగొట్టుకొనేది మొదటి నెలలలోనే. ఆ కాలంలో ఇంటింటి పాత ఉత్తరాలను వెదకవలెను. వెనుకటి స్మారక బిళ్ళలు చాల వరకు సాధారణ ఉత్తరానికి సరిపడే వెలతో వచ్చినవే. కాబట్టి అవి సంపన్నుల ఆల్బమ్‌లకే గాక, పెండ్లి శుభలేఖలతోను, ఉద్యోగానికై పట్టణం పోయిన కొడుకులు వ్రాసిన జాబులతోను మన పల్లెలకు చేరాయి. వాకాడులోనో, గూడూరులోనో, కోటలోనో పాత ఇండ్లలో ఉత్తరాలు గ్రుచ్చిన ఇనుపకమ్మీలు దూలానికి వ్రేలాడుతూ ఉండేవి. ఇల్లు పడగొట్టేటప్పుడు మొదట చెత్తకుప్పకు చేరేది ఆ కమ్మీయే. ఇంటి పెద్దలను మర్యాదగా అడగండి. బిళ్ళ కావలెనని అడిగితే వారు నవ్వి ఇస్తారు. ఉత్తరంలోని విషయం మాత్రం వారిది, దానిని చదవరాదు.

దొరికిన బిళ్ళను గోటితో పెరికితే చినుగుతుంది. బిళ్ళ చుట్టూ కొంత కాగితం వదలి కత్తిరించి, గోరువెచ్చని నీటిలో కొంతసేపు ఉంచితే జిగురు కరగి బిళ్ళ తనంత తాను విడిపోతుంది. దానిని అద్దుడు కాగితంమీద బోర్లించి ఆరబెట్టి, ఆరిన తరువాత బరువైన పుస్తకం క్రింద ఒక దినం ఉంచవలెను. రంగు కవరుమీది బిళ్ళను ఇతర బిళ్ళలతో కలిపి నానబెట్టకండి. కవరు రంగు అన్నింటికీ అంటుకొంటుంది. ఊరిపేరు, తేదీ స్పష్టంగా కనిపించే తపాలా ముద్ర ఉంటే మాత్రం బిళ్ళను విడదీయనే వద్దు, కవరుతో సహా దాచండి. 1966 బిళ్ళమీద 1967 జనవరి నాటి మన ప్రాంతపు ముద్ర పడి ఉంటే, బాంకాక్ గెలుపు వార్త ఆ ఊరికి చేరిన తీరుకు అది ఒక సాక్ష్యం. ముద్రపడని కొత్త బిళ్ళ ఎన్నటికీ ఆ సంగతి చెప్పలేదు.

ఇక్కడ వాడిన బిళ్ళ, వాడని బిళ్ళ అనే తారతమ్యాన్ని గూర్చి ఒక మాట. వెనుక జిగురు చెక్కుచెదరని బిళ్ళకు వర్తకులు ఎక్కువ వెల కడతారు. ఉత్తరంమీద ప్రయాణం చేసి వచ్చినది చౌక. పైన చెప్పిన మన హాకీ బిళ్ళలను వాడినవిగా కొంటే ఒక్కొక్కటి కొద్ది పదుల రూపాయలకు మించదు; అంతకుమించి అడిగితే మరొకచోట చూడవచ్చు. బిళ్ళ వెలువడిన నాడే ప్రత్యేకముద్ర వేసి ఇచ్చే ప్రథమదిన కవరు, దానితోబాటు వచ్చే సమాచార పత్రం కొంచెం ఎక్కువ వెల పలుకుతాయి. అయినా మొదట కొనవలసినది సమాచార పత్రమే అని నేనంటాను. బిళ్ళ వెలువరించడానికి కారణం, తేదీ, ముద్రణ వివరాలు అందులో ఉంటాయి. అది చదివినవాడు వర్తకుని మాటలకు మోసపోడు.

ఎక్కడ కొనవలెను? కొత్త బిళ్ళలైతే తపాలా శాఖ వద్దనే కొనడం ఉత్తమం. ఫిలాటెలీ బ్యూరోలో 200 రూపాయలు కట్టి డిపాజిట్ ఖాతా తెరిస్తే, కొత్తగా వెలువడిన బిళ్ళలను ముఖవిలువకే ఇంటికి పంపుతారు. గూడూరు, నెల్లూరు ప్రధాన తపాలా కార్యాలయాలలో విచారిస్తే దారి చెప్పుతారు. ఆరు నుండి తొమ్మిది తరగతులు చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నవారు మరొక విషయం గమనించండి. బిళ్ళల సేకరణలో ఆసక్తిగల ఆ తరగతుల పిల్లలకు ఏడాదికి 6,000 రూపాయల ఉపకారవేతనాన్ని ‘దీన్‌దయాళ్ స్పర్శ్’ పేరుతో తపాలా శాఖ 2017లో ప్రవేశపెట్టింది. పాత బిళ్ళలకు మన తీరంవారికి చెన్నపట్నమే దగ్గర. గూడూరులో రైలెక్కితే పూటలో చేరవచ్చును. ఒకప్పుడు పాతపుస్తకాలకు, బిళ్ళలకు, నాణేలకు పేరుపడిన మూర్ మార్కెట్ 1985లో అగ్నికి ఆహుతి అయింది. అన్నాసాలైలోని ప్రధాన తపాలా కార్యాలయంలో ఫిలాటెలీ బ్యూరో ఉన్నది. హైదరాబాదు వెళ్ళేవారికి ఆదివారంనాడు ఆబిడ్స్ వీధుల పక్కన పరచే పాతపుస్తకాల అంగళ్ళు తెలియనివి కావు. క్రీడాపత్రికల పాత సంచికలు అక్కడ కనిపిస్తుంటాయి.

కొనడంకంటె మార్పిడి మేలు. మీవద్ద రెండున్నవాటిలో ఒకటి ఇచ్చి, లేనిది తెచ్చుకోవడమే సేకర్తల అసలైన వ్యాపారం. దానికి ధనం అక్కరలేదు, నాణ్యతను గూర్చి నిజం చెప్పే అలవాటు ఉంటే చాలు. వెనుక పలుచనైన బిళ్ళను ముందువైపు మాత్రమే చూపి అంటగట్టినవానితో రెండవమారు ఎవరూ మార్పిడి చేయరు. చిన్న ఊరిలో ఈ సంగతి మరింత త్వరగా ప్రాకుతుంది.

లోపమున్న ప్రతిని కొనవచ్చునా అని విద్యార్థులు తరచు అడుగుతారు. పళ్ళు విరిగిన బిళ్ళ, మూల చిరిగిన కార్డు, అట్టలేని పత్రిక — వీటిని తీసుకోవచ్చునా? ప్రాచీన గ్రంథ పరిష్కరణలో కొంతకాలం గడిపినవాడిగా నా సమాధానం ఇది. బ్రౌన్ ఒక కావ్యానికి ఒక్క ప్రతితో తృప్తిపడక, దొరికిన ప్రతులన్నీ తెప్పించి సరిపోల్చేవాడు. ఆ ప్రతులలో ఒకటి మొదట లేనిది, ఒకటి చివర లేనిది, ఒకటి పురుగు తిన్నది. ఒక ప్రతిలో చెడినచోటు మరొక ప్రతిలో నిలిచి ఉండేది. శిథిలప్రతిని పారవేసి ఉంటే మన కావ్యాలలో ఎన్నో నేడు మనకు ఉండేవి కావు. బిళ్ళకూ అదే న్యాయం వర్తిస్తుంది. ముద్ర స్పష్టంగా ఉండి మూల చినిగినది ఒకటి, మూలలు బాగుండి ముద్ర చెరగినది మరొకటి, రెండూ కలిపి ఒక మంచి బిళ్ళ వెలకు తక్కువకే వస్తాయి. ఎక్కువ సంగతులు చెప్పుతాయి కూడ. పుటకింద లోపాన్ని దాచకుండా వ్రాసిపెడితే చాలు. చినిగినదానిని జిగురుకాగితంతో అతికించడం మాత్రం చేయరాదు. ఆ జిగురు పసుపు పచ్చబడి కాగితాన్ని తినివేస్తుంది. చినుగు ఒక లోపం, అతుకు రెండవ లోపం.

నకిలీల బెడద పాత బిళ్ళలకంటె పాత కార్డులకు ఎక్కువ. పైన చెప్పిన గ్రెట్‌జ్కీ కార్డుకు నకిలీలు విస్తారంగా ఉన్నాయి. ఆనాటి ఓ-పీ-చీ కార్డులను తీగలతో కోసేవారు కనుక అంచులు కొంచెం గరుకుగా ఉండడం సహజం; అన్నివైపులా నున్నగా కోసినదానిని చూస్తే అనుమానించవలెను. భూతద్దంతో చూసినప్పుడు అక్షరాల అంచులు నిండుగా, గట్టిగా ఉన్నాయా, చుక్కలుగా చెదరి ఉన్నాయా అన్నది మరొక పరీక్ష. పాత అచ్చును మళ్ళీ ఫొటో తీసి ముద్రించినప్పుడు అక్షరం కూడ చుక్కలైపోతుంది. చరవాణి తెరమీద బొమ్మ చూపి సగం వెలకే ఇస్తామనేవారి మాట నమ్మి ముందుగా ధనం పంపకండి. వస్తువు చేతికి వచ్చేవరకు చూడడానికి వీలులేనిది, వెనక్కి ఇవ్వడానికి ఒప్పుకోనిది అల్పధనునికి తగిన బేరం కాదు. మరొక రకపు ఉచ్చు ఉన్నది. ‘పరిమిత సంఖ్య’ అని అచ్చువేసి, బంగారుపూత పూసి అమ్మే కొత్త వస్తువులు. వాటిని గూర్చి 1990 నాటి కార్డుల కథ ముందే చెప్పాను.

ముందు ముందు వెల పెరుగుతుందని బిళ్ళలు కొనడం నాకు సమ్మతం కాదు. 1966 బిళ్ళ లక్షల సంఖ్యలో అచ్చయింది. దాని వెల అట్లే సామాన్యంగా ఉండిపోవచ్చును. ఉండిపోతే సేకర్తకు వచ్చే నష్టమేమీ లేదు. వెల పెరగలేదని బాధపడేవాడు శంకర్ లక్ష్మణ్ పేరును జ్ఞాపకముంచుకొనే అవకాశం తక్కువ.

కోట వంటి తీరప్రాంతంలో కొనడంకంటె కాపాడడం కష్టం. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవన కాలంలో నెల్లూరు తీరంలో గాలి చెమ్మగిల్లి ఉంటుంది. వాయుగుండం వస్తే వారాలతరబడి ఎండ మొగం కనిపించదు. బిళ్ళ వెనుక జిగురు ఆ చెమ్మకు కరగి పుటకు అంటుకొంటుంది. కాగితంమీద తుప్పువంటి గోధుమరంగు మచ్చలు పడతాయి. అవి ఒకదానినుండి మరొకదానికి ప్రాకుతాయి. అందువలన జిగురున్న బిళ్ళలు ఈ ప్రాంతపు అల్పధనునికి రెండు విధాల బరువు: వెల ఎక్కువ, ఆయువు తక్కువ. నీటిలో నానబెట్టి జిగురు తీసిన వాడిన బిళ్ళ ఈ గాలిలో బాగా నిలుస్తుంది. ఆల్బమ్‌ను పడుకోబెట్టి దానిమీద బరువు పెట్టరాదు, నిలువుగా ఉంచవలెను. ఇనుప బీరువా సముద్రపుగాలికి చెమరుస్తుంది. గోడకు ఆనించని చెక్క అలమర మేలు. కొత్త చెప్పుల పెట్టెలలోను, మందు సీసాలలోను వచ్చే తేమ పీల్చే చిన్న పొట్లాలను పారవేయకుండా దగ్గర పెట్టుకోండి. అవి చేతికి ఉచితంగా వచ్చిన రక్షణ. వాన వెలిసిన పొడిదినాలలో పుటలు తెరచి నీడన గాలికి పెట్టవలెను. ఎండలో పెట్టితే చెమ్మ పోతుంది, రంగూ పోతుంది. బిళ్ళను వ్రేళ్ళతో గాక చదునైన మొనలుగల పట్టకారుతో పట్టుకోవలెను. స్టాక్‌బుక్ కొనడానికి మూడు నాలుగు నెలల సొమ్ము కావలసివస్తే, అంతవరకు నూనెకాగితపు చిన్న కవర్లలో వేసి నోటుపుస్తకం మధ్య ఉంచినా సరిపోతుంది.

మిగిలినది అమరిక. కాలక్రమంలో అమర్చండి. 1928, 1932, 1936, 1948 పుటలకు మనదేశంలో ఆనాటి హాకీ బిళ్ళ లేదు. ఆ పుటలు వదలివేయక, ఎవరితో ఆడారు, ఎన్ని గోలులు, నాయకుడెవరు అన్నది మీ దస్తూరితో వ్రాసి ఖాళీగా ఉంచండి. తెలుగువారి పుట ఒకటి ప్రత్యేకంగా ఉండవలెను. సికింద్రాబాద్-హైదరాబాద్ మైదానాలలో పెరిగి 1992, 1996, 2000 ఒలింపిక్స్‌లో ఆడిన ముఖేష్ కుమార్, చిత్తూరు సీమలోని పల్లె నుండి వెళ్ళి భారత మహిళా జట్టుకు గోలు కాచిన రజని వంటివారిని కార్డులమీద చూడబోతే దొరకరు. వారిని గూర్చి పత్రికలో వచ్చిన వార్తను, ఛాయాచిత్రాన్ని కత్తిరించి పెట్టుకోవచ్చును. వార్తాపత్రిక కాగితం త్వరగా పచ్చబడి పక్క పుటకు కూడ మరక అంటిస్తుంది కనుక దానిని విడి కవరులో ఉంచి, పత్రిక పేరు, తేదీ వెనుకవైపు మెత్తని పెన్సిలుతో వ్రాయండి. సిరా వాడవద్దు, మన వానాకాలానికి అది పాకుతుంది.